వబ్రియా రేవు

మా తోడికోడలు వబ్రియా నోటికి జడవని మగాడు నీళ్ళ మధ్య మా రెల్లు దిబ్బల్లో ఒక్కడూ లేడు. ఆవిడ అరిచే మనిషి కాదు, అదే వాళ్ళకి వచ్చిన తంటా. అరిచే ఆడదాన్నైతే మా మగాళ్ళు ఎలాగో ఓర్చుకుంటారు, పోనీలే నోరు పారేసుకుంటోంది అని పక్కకి తప్పుకుంటారు. ఈవిడ పాలు పితుకుతూ, తల కూడా ఎత్తకుండా ఒక్క మాట అంటుంది. ఆ మాట పడ్డవాడికి వారం దాకా తిండి సయించదు.

అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపు అని సామెత ఉంది కదా. మా ఇంట్లో అది చెల్లలేదు. ఆవిడ నన్ను చూసి నవ్వలేదు, నన్ను ఏడవనివ్వలేదు. నా పేరు ఫిద్దా. నా మొగుడు చాసిబ్. వాడి అన్న సహీన్ భార్య వబ్రియా. నాకంటే ముందు ఆ ఇంట కాలుపెట్టిన మనిషి, అందుకని అక్కా అంటాను. సొంత అక్కకి కూడా నేను అంత భయపడలేదు.

ఆవిడ పుట్టింది పడవలో. వాళ్ళమ్మ రెల్లు కోయడానికి వెళ్ళి, కోత మధ్యలో కనేసి, మోపుతోపాటు పిల్లని కూడా ఇంటికి తెచ్చిందట. పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఒక చూడి గేదెని తోలి పంపారు. దాని దూడలు, దూడల దూడలు కలిసి మా మందలో సగం ఆవిడవే అయ్యాయి. మందలో ఎవరికీ లేని హక్కు అలా ఆవిడకి వచ్చింది. కూతుళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు చేసి దూరం పంపాక, సహీన్ బావ ఒక మధ్యాహ్నం వల లాగుతూ పడవలోనే గుండె ఆగి పోయాడు.

ఏడుపులు అయ్యాక పెద్దలు వచ్చి కూర్చున్నారు. అన్న పోతే తమ్ముడు వదినని చేసుకోవడం మాలో ఆనవాయితీ. చాసిబ్ వద్దనలేదు. వద్దంటాడేమోనని నేను గుడిసె వెనక నిలబడి చెవులు రిక్కించాను, వాడు నీళ్ళు నములుతూ కూర్చున్నాడు. వబ్రియా అక్క గేదె పొదుగు కడుగుతోంది. పెద్దలు రెండుసార్లు అడిగాక, నాకు మొగుడు అక్కర్లేదు, మేత కావాలి, మీలో ఎవరు కోసుకొస్తారు అంది. పెద్దలు కాఫీ కూడా తాగకుండా పడవెక్కారు. ఆ రోజు నుంచి మా ఆయనకి వదినంటే లోపల ముల్లు, నాకు మాత్రం ఆవిడంటే ప్రాణం.

తరవాత నీళ్ళ సంగతి వచ్చింది. నీళ్ళు తగ్గడం మాకు కొత్త కాదు. తగ్గితే పడవ వదిలి మోకాళ్ళ బురదలో నడిచాం. ఈసారి తగ్గిన చోటికి సముద్రం వైపు నుంచి ఉప్పు ఎక్కింది. రెల్లు మొదళ్ళు తెల్లబడ్డాయి. గేదెలు మూతి పెట్టి, తీసేసి, మళ్ళీ దాహానికి ఆగలేక తాగేవి. పాలు పలచబడ్డాయి. చిబాయిష్ బజారులో మా మీగడ కోసం పొద్దున్నే కాచుక్కూర్చునే టీ కొట్లవాళ్ళు, ఇదేం మీగడమ్మా, గరిటెకి నిలవడం లేదు అని మొహాలు తిప్పుకున్నారు. మొదట ఒక పడ్డకి కళ్ళు పొరలు కమ్మాయి. మేం పిలిస్తే గొంతు విని వచ్చేది, కానీ గట్టు ఎక్కడుందో తెలియక నీళ్ళలోనే గిరగిరా తిరిగింది. వబ్రియా అక్క దిగి, కొమ్ములు పట్టుకుని, చంటిపిల్లని నడిపించినట్టు నడిపించుకొచ్చింది.

ఆ వారమే చాసిబ్ తేల్చి చెప్పేశాడు. బస్రా ఊరి చివర వాడి మేనమామ కొడుకు ఇంటి పక్కన ఇటుకల గది ఒకటి ఖాళీగా ఉంది. అక్కడికి పోదాం, నేను వాచ్‌మన్ పనో, మూటలు మోసే పనో చూసుకుంటాను, కరెంటు ఉంది, ఆస్పత్రి ఉంది, రోడ్డు ఉంది అన్నాడు. గేదెల్ని కోతకి కొనే వ్యాపారి ఒకడు మా దిబ్బల చుట్టూ గద్దలా తిరుగుతున్నాడు. వాడు తీసుకుంటే మంద మొత్తం తీసుకుంటాడట, సగం మందకి లారీ పంపడట. మా ఆయన ధైర్యమంతా అక్కడే ఉంది. ఎలాగూ వదిన ఒక్కత్తీ నీళ్ళు లేనిచోట సగం మందతో ఏం చేస్తుంది, ఒప్పుకుంటుందిలే అనుకున్నాడు.

వబ్రియా అక్క కాదనలేదు. చూద్దాం పద అంది. చూడ్డానికి తాను వస్తూ దహ్మాని కూడా చేపలు మోసే ట్రక్కు బండిలో ఎక్కించింది. దహ్మా మా మందకి పెద్దది, నల్లగా నిగనిగలాడే ముసలి గేదె. అది ఎటు నడిస్తే మంద అటు నడుస్తుంది. గేదెకి ఇల్లు చూపించడానికి తీసుకెళ్తున్నారని దారి పొడుగునా జనం పళ్ళికిలించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా వాళ్ళకి మాత్రం ఇందులో నవ్వడానికి ఏమీ లేదు. మేం చోటు చూసేటప్పుడు నేల చూడం, నేల చూసుకునేది దున్నేవాళ్ళు. నీళ్ళలోకి పెద్ద గేదెని తోలి, అది మోకాళ్ళ లోతులో ఆగుతుందా, ముక్కుదాకా మునుగుతుందా అని చూస్తాం. మునిగితే ఉంటాం, ఆగిపోతే లేచిపోతాం. మా తాతల నుంచీ అదే కొలత.

ఇటుకల గది వెనక ఒక కాలువ ఉంది. కాలువ అనాలా, ఊరి మురుగంతా కలిసిన గుంట అనాలా, ఆ దేవుడికే తెలియాలి. దహ్మా ఒడ్డుదాకా వెళ్ళి మూతి పైకెత్తింది. వెనక్కి తిరిగి తనంతట తానే బండి దగ్గరకొచ్చి, ముందుకాళ్ళు బండి మీద పెట్టి ఎక్కడానికి చూసింది. బండి నడిపే ముసలాయన కడుపు పట్టుకుని నవ్వాడు. చాసిబ్‌కి మాత్రం నవ్వు రాలేదు. ట్యాంకరు వస్తుంది వదినా, రోజు మార్చి రోజు మంచినీళ్ళు తెస్తారు అన్నాడు.

"ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని నేను నిలబడతాను మరిదీ. దహ్మాకి బిందె ఎక్కణ్ణుంచి తేను?"

ఆ పక్కింటావిడ గుమ్మంలోంచి మా వైపు చూసి, గేదెలోళ్ళు వచ్చారు, ఇక వీధంతా పేడ కంపే అంది, మాకు వినపడాలనే అంది. నేను ఊరుకోలేదు. పొద్దున్నే రొట్టెమీద వేసుకుని నాకే మీగడ ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నావమ్మా, నీ మొగుడు పిండుతున్నాడా అన్నాను. మా ఆయన నన్ను బండెక్కమని కళ్ళెర్రజేశాడు.

తిరుగుదారంతా ఇద్దరూ తగువే. బడి, ఆస్పత్రి, చుట్టాలు, ఇవి చూసుకుని మనుషులు ఊరు ఎంచుకుంటారు, గేదె మొహం చూసి ఎంచుకోరు అని చాసిబ్. మాట తప్పు కాదు, నాకూ ఆస్పత్రి దగ్గరుంటే బాగుండు అనిపించిన రోజులున్నాయి. వబ్రియా అక్క చాలాసేపు విని, తన తమ్ముడి సంగతి ఎత్తింది. ఆ తమ్ముడు మంద అమ్ముకుని పట్నం చేరినవాడే. మొన్న చూడ్డానికెళ్తే, పొద్దుటే కూడలిలో కూలి కోసం నిలబడి ఉన్నాడట. మేస్త్రీ వచ్చి ఒరేయ్ నువ్వు, నువ్వు అని వేలితో చూపించి తీసుకెళ్ళాడట. వాడి పేరు ఎవరూ అడగలేదు ఫిద్దా, మా దిబ్బల్లో వాడి గేదెలకి కూడా పేర్లుండేవి అంది. నాతో అన్నట్టే అంది గానీ ఆ మాట చాసిబ్‌కే.

ఇంటికొచ్చాక మా ఆయన మొండికెత్తాడు. వ్యాపారికి మాట ఇచ్చేశాను, శనివారం పొద్దున్న లారీ వస్తుంది, అంతే అన్నాడు. శనివారం లోపల చోటు చూస్తాను, చూడలేకపోతే నా సగం కూడా నువ్వే నీ చేత్తో లారీ ఎక్కించు అంది వబ్రియా అక్క. ఆవిడ మాటంటే మాటే, వెనక్కి తీసుకోదు. చాసిబ్ పెద్దగా నవ్వి, ఆడది ఊరు ఎంచడం లోకంలో ఎక్కడైనా ఉందా అని నలుగురూ వినేలా అడిగాడు.

"పెళ్ళైతే ఊరు మారేది ఎవరు మరిదీ, మీరా మేమా? మారే వంతు మాది, ఎంచే వంతు మాత్రం మీదా?"

మర్నాడు ముసలాయన బండిలో దహ్మాని ఎక్కించుకుని టిగ్రిస్ నది వైపు ఉత్తరానికి బయల్దేరింది. నువ్వు కదిలావంటే కాళ్ళిరగ్గొడతానని చాసిబ్ నాతో అన్నాడు. కాళ్ళు బండిలో ఉన్నాయి, వచ్చి ఇరగ్గొట్టుకో అని నేనూ ఎక్కాను. వాడు కొట్టడు, ఆ సంగతి నాకు తెలుసు, వాడికీ తెలుసు.

తిరిగాం, తిరిగాం. ఒకచోట నీళ్ళు బాగున్నాయి, గోధుమ చేలు కాలువ అంచుదాకా దున్నేశారు, గేదె కాలు మోపే సందు లేదు. ఇంకోచోట ఆ పొలాల దొర మంచివాడే, ఉండండమ్మా అన్నాడు, పెరుగు కూడా పెట్టాడు. దహ్మా మోకాళ్ళ దాకా దిగి, తోక ఆడించి, ఒడ్డెక్కేసింది. ఒక రేవులో పోలీసాయన కాగితాలు అడిగాడు. గేదెకా నాకా అని అడిగింది వబ్రియా అక్క. ఆయన తల గోక్కుని వెళ్ళమన్నాడు. నా నడుం పడిపోయింది. గురువారం పొద్దుగూకేసరికి నాకు ఆశ చచ్చిపోయింది, ఆ మాట ఆవిడతో అనేశాను కూడా. ఆవిడ దహ్మా వీపు మీద నీళ్ళు చల్లుతూ, నీకు నడుం నొప్పా, ఆశ నొప్పా అంది.

శుక్రవారం పొద్దెక్కాక అబూ హల్ఫా కాలువ తోకకి చేరాం. గోధుమ పొలాలు అయిపోయాక కాలువ ఒక పల్లంలో పడుతుంది. అక్కడ విత్తనం వేస్తే కుళ్ళిపోతుంది, అందుకని ఎవరూ దున్నరు. రెల్లు తనంతట తాను పచ్చగా లేచింది. దహ్మా బండి దిగడానికి మేం పలక వెయ్యనేలేదు, అది దూకేసింది. నడుచుకుంటూ లోపలికి, లోపలికి వెళ్ళి, పొట్ట మునిగి, వీపు మునిగి, ముక్కుపుటాలు రెండూ మాత్రం పైన ఉంచి కళ్ళు మూసుకుంది. వబ్రియా అక్క ఒడ్డున కూలబడి దోసిలితో నీళ్ళు తాగింది. తాగుతూ ఏడ్చింది. సహీన్ బావ పోయినప్పుడు కూడా ఆవిడ నలుగురిలో ఏడవలేదు. నాకూ ఆగలేదు, ఇద్దరం కలిసి ఏడ్చాం, హాయిగా ఉంది.

ఆ ఏడుపు తుడుచుకునే లోపలే మోటారు సైకిలు వేసుకుని ఒక కుర్రమీసం దిగాడు. పేరు ఫర్హూద్. ఆ కాలువ కింది పొలాలన్నీ వాళ్ళ తెగవి, ఆ తెగకి పెద్ద వాడి మేనమామ షేక్ రైసాన్. గేదెని తియ్యండి, ఇక్కడ గేదెలోళ్ళకి చోటు లేదు అన్నాడు. మీ గొడ్లు గట్లు తొక్కి తెంపుతాయి, నీళ్ళన్నీ పోయి చేలు ఎండుతాయి అని కూడా అన్నాడు. ఆ భయం ఉత్తదేం కాదు, గేదె గట్టెక్కితే గట్టు గట్టులా ఉండదు. అది ఒప్పుకుని వబ్రియా అక్క మర్యాదగానే అడిగింది, ఎవరితో మాట్లాడాలి నాయనా అని. షేకుతో మాట్లాడాలి, ఆడవాళ్ళు మాట్లాడరు, మీ మగాణ్ణి పంపు అన్నాడు. సరే, షేకు ఇల్లు ఎటు అంది.

దహ్మాని నీళ్ళలోనే వదిలేశాం, ఎలాగూ పిలిస్తే రాదు. నీళ్ళలో గేదెని పెట్టి బేరమాడకూడదని పెద్దలంటారు. మాకు వేరే దారి లేదు.

శుక్రవారం నమాజు అయ్యింది కనక షేకు చావిడి నిండా జనం. రెల్లు కమానుల కింద, రెండు గోడలవారా చాపల మీద వరసగా మగాళ్ళు. ఆడది ఆ గుమ్మం దాటి లోపల కూర్చోవడం నేనెక్కడా చూడలేదు. వబ్రియా అక్క చెప్పులు విడిచి, సలామ్ చెప్పి, గుమ్మం పక్కన అందరికంటే కింది చోటు చూసుకుని కూర్చుంది. నేను గుమ్మం బయట నిలబడిపోయాను. లోపల మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

షేక్ రైసాన్ పెద్దాయన, తెల్ల గడ్డం, చెడ్డ మొహం కాదు. దారి తప్పావా అమ్మా అని అడిగాడు. దారి వెతుక్కుంటూ వచ్చాను అని ఆవిడ సంగతంతా చెప్పింది. ఉప్పు నీళ్ళు, గుడ్డిదైన పడ్డ, రేపు రాబోయే లారీ, ఏదీ దాచలేదు. మీ కాలువ తోకలో దున్నని పల్లం ఉంది, అది మా గేదెలకి ఇప్పించండి అంది. షేకు గడ్డం దువ్వుకుని, ఇలాంటివి మగాళ్ళు అడగాలి తల్లీ, మీ ఇంటి పెద్దని పంపు, మాట్లాడుకుంటాం అన్నాడు. దాహం గేదెలది, వాటి పెద్దని నేనే, వచ్చాను అంది. ఒకరిద్దరు నవ్వారు. షేకు నవ్వలేదు, అలాగని ఔననలేదు.

అప్పుడు ఫర్హూద్ నోరు జారాడు. వెటకారంగా చెయ్యి ఊపి, కాఫీ పోసే మనిషితో, ఆవిడకో కప్పు పొయ్యి, తాగి దారిన పోతుంది అన్నాడు.

కాఫీ పోసే మనిషికి పొమ్మన్నా పొయ్యమన్నా ఒకటే. ఎడమ చేత్తో ఇత్తడి కూజా, కుడిచేత్తో కప్పు, వరసలో ఆవిడ దగ్గరికొచ్చి అడుగున రెండు గుక్కల కాఫీ పోసి ఇచ్చాడు. ఆవిడ అందుకుంది. అందుకుని, పెదవికి తాకించకుండా, చాప మీద తన ముందు పెట్టేసింది.

పిల్లనడగడానికి వెళ్ళినా, చంపినవాడి తరఫున క్షమాపణ అడగడానికి వెళ్ళినా, మా వైపు మగాళ్ళు చేసే పని అది. అడగాల్సింది అడిగి, కప్పు కింద పెడతారు. కోరింది ఇచ్చాను, తాగు అని ఇంటిపెద్ద అనేదాకా ముట్టరు. తాగకుండా లేచిపోతే ఇచ్చినవాడి ఇంటి పరువు ఆ కప్పుతోపాటు అక్కడే ఉండిపోతుంది. అడిగినవాడి పరువూ దక్కదు. అందరి చేతులూ తిరిగేది ఆ ఒక్క కప్పే, అది కింద ఉన్నంతసేపూ కాఫీ వరస కూడా ముందుకు కదలదు. ఆవిడ తరవాత కూర్చున్నవాళ్ళందరూ ఖాళీ చేతులతో ఉండిపోయారు. కాఫీ పోసే మనిషి కూజా పట్టుకుని ఆవిడ ముందే నిలబడ్డాడు. ఆడది అలా పెట్టగా ఎవరూ చూడలేదు, ఆడదానికి అక్కడ ఎవరూ పొయ్యలేదు మరి.

ఫర్హూద్ మొహం కందగడ్డ అయింది. ఆడదాని కప్పు కప్పు కిందకి రాదు, వరస కానివ్వండి అన్నాడు.

"కప్పు కాకపోతే పోయమన్న నోరు ఎవరిది నాయనా? పోసిన చెయ్యి ఏ ఇంటిది?" అంది వబ్రియా అక్క.

షేకు మేనల్లుడి వైపు చూసిన చూపు నాకు గుమ్మం బయటికి కూడా తెలిసింది. ఆ తరవాత ఆయన బేరానికి దిగాడు. గోధుమ బస్తాలు వేయిస్తాను పట్టుకెళ్ళు అన్నాడు. బస్రాలో తెలిసినవాళ్ళున్నారు, మీ మరిదికి మంచి పని చూపిస్తాను అన్నాడు. ప్రతిదానికీ ఆవిడ, దేవుడు మీ చెయ్యి చల్లగా ఉంచాలి షేకు గారూ, నేనడిగింది నీళ్ళు అంది. సాయంత్రం నమాజు దగ్గరపడింది. కాఫీ మీద ఈగ వాలింది, ఆవిడ చేత్తో తోలి మళ్ళీ అలాగే కూర్చుంది. చివరికి షేకు, ఒంటరి ఆడదానికి చోటిచ్చాడని నా తెగవాళ్ళే నన్ను అంటారు, నీ ఇంటి మగాడు ఒక్కడు వచ్చి, ఈవిడ అడిగింది మా ఇల్లంతా అడిగినట్టే అంటే తాగమంటాను, లేకపోతే నా వల్ల కాదు అన్నాడు. వచ్చేవాడెవడూ లేడని ఆయనకి తెలుసు. మాకూ తెలుసు.

సరిగ్గా అప్పుడే గుమ్మం బయట టాక్సీ ఆగింది. బండి ముసలాయన ఫోన్లో మేమెక్కడున్నామో చెప్పేశాడట. మమ్మల్ని జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్దామని చాసిబ్ మధ్యాహ్నమే బయల్దేరాడు. దిగుతూనే నా మీదకి వచ్చాడు. నేను వాడి చొక్కా పట్టుకుని, లోపల మీ వదిన కప్పు కింద పెట్టింది అన్నాను. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. నీకు మతిపోయిందా, పెట్టనిచ్చావా అన్నాడు. నేను పెట్టనిచ్చేదేంటి, నువ్వు రావాల్సిన చోటికి ఆవిడ వచ్చింది అన్నాను. ఆవిడని చెయ్యి పట్టి లాగావో, జన్మలో నీ చేతికి రొట్టె ఇవ్వను, అది కూడా వినేసి వెళ్ళు అన్నాను.

వాడు లోపలికి వెళ్ళాడు. సలామ్ చెప్పాడు. షేకు పరిచయం అడిగి, మళ్ళీ అదే మాట అన్నాడు. ఈవిడ నీ మనిషేనా, ఈవిడ వెనక నువ్వు నిలబడతావా అని. చాసిబ్ వదిన వైపు చూశాడు. ఆవిడ వాడి వైపు చూడలేదు, బతిమాలే చూపు ఆవిడకి రాదు. రేపటి లారీ, వ్యాపారికిచ్చిన మాట, పెద్దల ముందు తనని కాదన్న ఆ పాత రోజు, అన్నీ వాడి మొహంలో తిరిగాయి. లేదు అంటాడనే నాకు అనిపించింది. నోరు తెరిచాడు కూడా.

ఫర్హూద్ ఆగలేకపోయాడు. కట్టేసుకోవాల్సింది గేదెల్నా ఆడవాళ్ళనా అన్నది గేదెలోళ్ళకి ఇంకా తెలిసినట్టు లేదు అన్నాడు.

నా మొగుడి సంగతి నాకు తెలియదా. ఇంట్లో వదిన మీద వాడు కత్తులు నూరితే నూరొచ్చు, పరాయివాడు ఆవిడని మాటంటే పడడు. మెడనరం లేచింది. షేకు వైపు తిరిగాడు.

"ఈవిడ నా మనిషి కాదు షేకు గారూ. నేను ఈవిడ మనిషిని. మా పొయ్యి ఈవిడ పాల మీద వెలుగుతోంది, అన్న పోయాక కూడా. ఈవిడ అడిగితే మా దిబ్బలన్నీ అడిగినట్టే."

వబ్రియా అక్క అప్పుడు తలెత్తి మరిదిని చూసింది. నేను గుమ్మం పట్టుకుని మళ్ళీ ఏడుపు మొదలెట్టాను, సిగ్గు లేకుండా.

షేకు తల పంకించాడు. సరే, ఈ ఎండాకాలం గడిచేదాకా ఉండండి, తాగమ్మా అన్నాడు. ఆవిడ కప్పు ముట్టలేదు. గేదె చూడి మోసి ఈనడానికే ఏడాది పడుతుంది, ఎండాకాలానికైతే ఇంత దూరం ఎందుకొస్తాను అంది. చాసిబ్ ఉలిక్కిపడి, వదినా, చాల్లే, తాగెయ్ అని గొణిగాడు. ఆవిడ వినిపించుకోలేదు. గట్టు భయం మీకుంది, అది న్యాయమే, మా గేదె మీ గట్టు మీద కాలుపెట్టిన పూట పాలు ఆ చేను వాళ్ళవి, తెగిన గట్టు మా చేతుల్తో మేమే కడతాం, కానీ కాలువలో నీళ్ళున్నంత కాలం మమ్మల్ని లెమ్మనకూడదు అంది. వరసలో కూర్చున్న రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక పూట పాలంటే తక్కువేం కాదు. మన గట్టు ఎప్పుడు తొక్కుతుందా అని ఎదురుచూసే వాళ్ళున్నారే అని ఎవరో అంటే చావిడంతా నవ్వింది. షేకు కూడా నవ్వేశాడు. నీళ్ళున్నంత కాలం, నా తరవాత నా కొడుకులు కూడా ఈ మాట మీదే ఉంటారు, తాగు తల్లీ అన్నాడు.

వబ్రియా అక్క కప్పు తీసుకుంది. ఒక గుక్క తాగింది. కాఫీ పోసే మనిషి హమ్మయ్య అనుకుని కప్పు కోసం చెయ్యి చాపాడు. చాసిబ్ అప్పుడే లోపలి వరసలో, మగాళ్ళ మధ్య, కాళ్ళు మడిచి దర్జాగా సర్దుకుంటున్నాడు. షేకు గొంతు పెంచి, అందరూ వినండి, ఈ రోజు నుంచి ఆ పల్లం చాసిబ్ రేవు, అక్కడ చాసిబ్‌ని ఎవరూ ఇబ్బంది పెట్టకూడదు అని చాటాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది.

వబ్రియా అక్క ఇంకో గుక్క మిగిలిన కప్పుని మళ్ళీ చాప మీద పెట్టేసింది.

షేకు ఆ కప్పు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, చాసిబ్ వైపు చూశాడు. చాసిబ్ నేలచూపులు చూశాడు. కాఫీ పోసే మనిషి చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. వరస చివర కూర్చున్న ఒక ముసలి రైతు, మధ్యాహ్నం నుంచి కప్పు దక్కనివాడు, ఇక తట్టుకోలేకపోయాడు.

"అయ్యా, ఎవరి రేవో వాళ్ళ పేరు పెట్టెయ్యండి. కాఫీ లేక నా తల పగిలిపోతోంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. షేక్ రైసాన్ గడ్డం దువ్వుకుని, "వబ్రియా రేవు," అన్నాడు. "రాసుకోండి, చెప్పుకోండి. వబ్రియా రేవు. ఇప్పుడైనా తాగు తల్లీ."

చల్లారిపోయిన ఆ చేదు గుక్క ఆవిడ తాగి కప్పు చేతికిచ్చేదాకా, ఆ చావిడిలో మగాడన్నవాడు ఒక్కడూ కదల్లేదు.